మిలిటరీకి వెళ్ళొచ్చిన మనిషిలో ఏం మిగులుతుంది?

"వాణ్ణి రెండేళ్ళు మిలిటరీలో పడేస్తే గాని దారికి రాడు" అనే మాట ఎక్కడో ఒకచోట మీరు వినే ఉంటారు. దానికి సరిగ్గా ఎదురుగా ఇంకో మాట ఉంది, యుద్ధం చూసొచ్చినవాడు మళ్ళీ మామూలు మనిషి కాలేడని. రెండు పక్షాల దగ్గరా ఉదాహరణలకి కొదవ ఉండదు. మిలిటరీ నుంచి వచ్చి పద్ధతిగా బతుకుతూ నలుగురికీ అక్కరకొచ్చేవాళ్ళూ ఉన్నారు, రాత్రిళ్ళు నిద్ర పట్టక తాగుడికి అలవాటుపడినవాళ్ళూ ఉన్నారు, ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకే మనిషి. అందుకని ఉదాహరణలు పెట్టి వాదించుకుంటే ఈ గొడవ ఎప్పటికీ తెగదు.

మంచి విషయం ఏంటంటే ఆర్థికవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు, నేరాల మీద పరిశోధన చేసేవాళ్ళు గత యాభై ఏళ్ళలో దీని మీద చాలా తెలివైన పని చేశారు. అదంతా దగ్గర పెట్టుకుని చూస్తే నాకు అర్థమైంది ఇది: సైన్యం మనిషి చుట్టూ ఒక కొత్త ప్రపంచం కడుతుంది, ఆ ప్రపంచం తీసేశాక అతనిలో ఏం మిగులుతుందన్నది ఎక్కడి నుంచి వెళ్ళాడు, లోపల ఏ పని చేశాడు అన్నవాటి మీదా, అన్నిటికంటే ఎక్కువగా బయటికి ఎలా వచ్చాడన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది.

ముందు ట్రైనింగ్ సంగతి చూద్దాం. అమెరికా ఆర్మీలో ప్రాథమిక శిక్షణ 10 వారాలు, మెరైన్లలో 13. చేరగానే జుట్టు తీసేస్తారు, సొంత బట్టలు పక్కన పెట్టించేస్తారు, ఫోన్ తీసేసుకుంటారు. ఎప్పుడు లేవాలి, ఎన్ని నిమిషాల్లో తినాలి, దుప్పటి ఎలా మడవాలి, అన్నీ ఇంకొకరే చెప్తారు. సమాజ శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1961లో జైళ్ళని, మానసిక చికిత్సాలయాలని, మఠాలని, సైనిక శిబిరాలని ఒకే గాటన కట్టి చూశాడు. నిద్ర, పని, కాలక్షేపం మూడూ ఒకే గోడల మధ్య, ఒకే అధికారం కింద జరిగే చోట్లు ఇవి, ఇలాంటి చోట మనిషి పాత గుర్తింపుని ముందు ఊడబీకుతారు అని ఆయన అన్నాడు.

బయటివాళ్ళకి ఇదంతా ఉత్త వేధింపులా కనిపిస్తుంది, కొన్నిచోట్ల అది నిజంగానే వేధింపు కూడా, కానీ దీని వెనక ఒక లెక్క ఉంది. ప్రాణభయం వేసినప్పుడు ఎవరమూ తీరిగ్గా ఆలోచించలేం, చేతులకి ఏది బాగా అలవాటైతే అదే చేస్తాం. అందుకే తుపాకీ విప్పి బిగించడం, ఇరుక్కుపోతే సరిచేయడం, ఆజ్ఞ వినగానే నేలకి అతుక్కుపోవడం, రక్తం కారుతున్న గాయానికి కట్టు బిగించడం లాంటివి లెక్కలేనన్ని సార్లు చేయిస్తారు, అదీ నిద్ర చాలనప్పుడు, ఒళ్ళు హూనమైనప్పుడు, చెవి దగ్గర ఎవరో అరుస్తున్నప్పుడు. ఒకడి తప్పుకి గుంపు మొత్తానికి శిక్ష వేయడం కూడా ఇందులో భాగమే. పక్కవాడి సంగతి నాకెందుకు అనే ఆలోచన పోవాలి. 1948లో ఎడ్వర్డ్ షిల్స్, మోరిస్ జానోవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు, ఓడిపోతున్నామని తెలిసి కూడా జర్మన్ సైనికులు ఎందుకు పోరాడుతూనే ఉన్నారని పరిశీలించి, పెద్ద పెద్ద సిద్ధాంతాల కంటే తమతో ఉన్న ఆ కొద్దిమందిని వదిలేయలేకపోవడమే ముఖ్యమైన కారణమని తేల్చారు. సిద్ధాంతానికీ గట్టి వాటానే ఉందని తరవాతి చరిత్రకారులు దాన్ని సవరించారు గాని, చిన్న గుంపు బలం గురించి వాళ్ళు చెప్పింది ఇప్పటికీ నిలబడే ఉంది.

సరే, ఇలా తయారైన మనిషి బయటికొచ్చాక కూడా ఇలాగే ఉంటాడా? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ క్రమశిక్షణలో ఎక్కువ భాగం బయటి నుంచి పట్టి ఉంచేది. ఐదింటికి లేచేది ఐదింటికి లేపుతారు కాబట్టి. బూట్లు మెరిసేది తనిఖీకి ఒకరు వస్తారు కాబట్టి. ఆ లేపేవాడు, తనిఖీ చేసేవాడు లేకపోతే ఏం జరుగుతుందో చూడాలంటే నార్వేలో చేసిన ఒక ప్రయోగం ఉంది. అక్కడి సైన్యంలో 8 వారాల తొలి శిక్షణలో కొన్ని గుంపుల్లోకి ఆడవాళ్ళని చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా పంపించారు, మిగతా గుంపుల్లో అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళతో ఒకే గదిలో ఉండి, కలిసి శిక్షణ పొందిన కుర్రాళ్ళ అభిప్రాయాలు గట్టిగానే మారాయి, ఆడా మగా కలిసిన గుంపులు కూడా అంతే బాగా, లేదా ఇంకా బాగా పనిచేస్తాయని చెప్పినవాళ్ళ వాటా దాదాపు 14 శాతం పాయింట్లు పెరిగింది. శిక్షణ అయిపోయి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిన 6 నెలలకి మళ్ళీ అడిగితే ఆ మార్పు కనపడలేదు. 2021లో అచ్చయిన ఈ పరిశోధన చదివి "అయితే ఏమీ మారలేదన్నమాట" అని కొట్టిపారేసినవాళ్ళు ఉన్నారు. నాకైతే అది అలా అనిపించదు. కలిసి బతుకుతున్నంతకాలం మార్పు నిజంగానే ఉంది, దాన్ని నిలబెట్టే ఏర్పాటు పోయింది, మార్పూ పోయింది.

ఇదే సంగతి చెడ్డ అలవాట్లకీ వర్తిస్తుందని చెప్పే కథ ఇంకా పాతది, ఇంకా ఆశ్చర్యమైనది. వియత్నాం యుద్ధం చివరి సంవత్సరాల్లో అమెరికా సైనికులకి అక్కడ హెరాయిన్ చాలా చవగ్గా, చాలా స్వచ్ఛంగా దొరికేది. 1971లో ఈ విషయం బయటపడి పెద్ద గగ్గోలైంది, వీళ్ళంతా ఇళ్ళకి తిరిగొస్తే వీధులు మత్తుబానిసలతో నిండిపోతాయని ప్రభుత్వం హడలిపోయింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు ఆ ఏడాది సెప్టెంబరులో తిరిగొచ్చినవాళ్ళని వెతికి పట్టుకుని మాట్లాడింది. అక్కడ ఉండగా తాము బానిసలమయ్యామని చెప్పినవాళ్ళు దాదాపు 20 శాతం. మరి ఆ బానిసల్లో ఇంటికొచ్చిన మొదటి సంవత్సరంలో మళ్ళీ బానిసలైనవాళ్ళు? 5 శాతం. మూడేళ్ళ పాటు గమనించినా, కొద్దికాలానికైనా మళ్ళీ అందులో పడినవాళ్ళు 12 శాతమే. అప్పట్లో చాలామంది ఈ అంకెలు నమ్మలేదు. మందు అదే, మనిషీ అదే, చుట్టూ ఉన్న ప్రపంచం మాత్రం వేరు: భయం లేదు, విసుగు లేదు, పక్కన అదే పని చేసే స్నేహితులు లేరు.

అయితే అంతా ఆవిరైపోతుందని కూడా అనుకోకూడదు. జర్మనీలో 2011 దాకా నిర్బంధ సైనిక సేవ ఉండేది, ఇష్టం లేనివాళ్ళు దాని బదులు ఆసుపత్రుల్లోనో వృద్ధాశ్రమాల్లోనో సేవ చేయొచ్చు. ఈ రెండు దారుల్లో వెళ్ళిన కుర్రాళ్ళని జాషువా జాక్సన్ బృందం కొన్నేళ్ళు వెంబడించి 2012లో ఫలితాలు బయటపెట్టింది. వయసు పెరిగేకొద్దీ మామూలుగా మనుషుల్లో ఎదుటివాళ్ళతో సర్దుకుపోయే గుణం, మెతకదనం పెరుగుతాయి. సైన్యానికి వెళ్ళినవాళ్ళలో ఆ పెరుగుదల తక్కువగా ఉంది, వాళ్ళు చదువుల్లోకో ఉద్యోగాల్లోకో వెళ్ళిపోయిన 5 ఏళ్ళ తరవాత కూడా ఆ తేడా అలాగే ఉంది. తొమ్మిది నెలల సేవకి ఇంత దీర్ఘమైన గుర్తు అంటే చిన్న విషయం కాదు. కానీ అదే పరిశోధన ఇంకోటి కూడా చెప్పింది. అసలు సైన్యాన్ని ఎంచుకున్న కుర్రాళ్ళు వెళ్ళకముందే మిగతావాళ్ళ కంటే కాస్త తక్కువ మెతకగా, తక్కువ ఆందోళనతో ఉన్నారు.

ఈ చివరి ముక్క చాలా ముఖ్యం. మాజీ సైనికులని మామూలు జనంతో పోల్చి "చూడండి, వీళ్ళు ఇలా ఉన్నారు" అనే వ్యాసాలు దొరికినన్ని ఇంకేవీ దొరకవు, వాటిలో చాలా భాగం చెత్త. సైన్యంలోకి అందరినీ తీసుకోరు కదా. గుండె జబ్బులున్నవాళ్ళని, చూపు బాగా తక్కువున్నవాళ్ళని, నేరచరిత్ర ఉన్నవాళ్ళని చాలావరకు గేటు దగ్గరే ఆపేస్తారు. అలా వడపోసినవాళ్ళు మిగతా జనం కంటే ఎక్కువకాలం బతికితే ఆ గొప్ప పరేడ్‌ది కాదు. అలాగే ఇంట్లో గొడవలు తట్టుకోలేక పారిపోయి సైన్యంలో చేరినవాడికి తరవాత మనసు బాగోలేకపోతే ఆ తప్పంతా యుద్ధానిదీ కాకపోవచ్చు.

దీన్నుంచి బయటపడే దారి ఒక లాటరీ రూపంలో దొరికింది. 1969 డిసెంబరు 1న అమెరికాలో, 1944 నుంచి 1950 దాకా పుట్టిన మగవాళ్ళలో ఎవరిని సైన్యంలోకి పిలవాలో తేల్చడానికి, ఏడాదిలోని 366 తేదీలని ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి ఒక్కొక్కటీ తీశారు. మొదట వచ్చింది సెప్టెంబరు 14. ఆ వరసలో 195వ తేదీ దాకా ఉన్నవాళ్ళకి పిలుపు వచ్చింది, ఆ తరవాత తేదీల వాళ్ళు బతికిపోయారు. పుట్టినరోజుకీ స్వభావానికీ సంబంధం లేదు కాబట్టి ఈ రెండు గుంపులని పోలిస్తే తేలేది సైన్యం ప్రభావమే. ఆర్థికవేత్త జాషువా యాంగ్రిస్ట్ 1990లో ఈ పని చేసి, సైన్యానికి వెళ్ళిన తెల్లజాతివాళ్ళ సంపాదన 1980ల మొదట్లో, వెళ్ళని తమలాంటివాళ్ళ కంటే దాదాపు 15 శాతం తక్కువగా ఉందని చూపించాడు. నెదర్లాండ్స్‌లో నిర్బంధ సేవ చేసినవాళ్ళు సుమారు పదేళ్ళ తరవాత 5 శాతం తక్కువ సంపాదిస్తున్నారని గీడో ఇంబెన్స్, ఇంకొకరు కలిసి 1995లో తేల్చారు. (ఇలాంటి సహజ ప్రయోగాల నుంచి కారణాలు ఎలా పట్టుకోవాలో చెప్పినందుకే 2021 ఆర్థికశాస్త్ర నోబెల్‌లో యాంగ్రిస్ట్‌కీ ఇంబెన్స్‌కీ వాటా దక్కింది.)

ఎందుకు తగ్గింది? పెద్ద రహస్యమేం లేదు. తోటివాళ్ళు ఉద్యోగంలో మొదటి మెట్లు ఎక్కుతున్న రెండేళ్ళు వీళ్ళు వేరేచోట ఉన్నారు. అందుకే ఆ లోటు శాశ్వతం కూడా కాలేదు, వియత్నాం తరం యాభైల్లోకి వచ్చేసరికి తేడా దాదాపు మాసిపోయిందని, పైగా ప్రభుత్వం ఇచ్చిన చదువు సాయం వల్ల వాళ్ళు కాస్త ఎక్కువే చదివారని యాంగ్రిస్టే 2011లో ఇంకో పరిశోధనలో రాశాడు.

ఇప్పుడు స్వచ్ఛందంగా చేరేవాళ్ళ సంగతి. ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. అమెరికా ఆర్మీలో చేరాలంటే ఒక రాత పరీక్ష ఉంటుంది, దానిలో కటాఫ్‌కి ఒక్క మార్కు అటు, ఒక్క మార్కు ఇటు ఉన్నవాళ్ళ మధ్య తెలివిలో నిజమైన తేడా ఏమీ ఉండదు, కానీ ఒకడు లోపలికి వెళ్తాడు, ఒకడు ఇంటికి వెళ్తాడు. అలాంటివాళ్ళని పోల్చిన 2022 నాటి ఒక పరిశోధనలో, సైన్యంలో చేరిన నల్లజాతి అభ్యర్థుల సంపాదన దరఖాస్తు పెట్టుకున్న 11 నుంచి 19 ఏళ్ళ తరవాత కూడా ఏడాదికి 5,500 నుంచి 15,000 డాలర్ల దాకా ఎక్కువగా ఉంది. తెల్లజాతివాళ్ళలో అలాంటి లాభం కనపడలేదు. సైన్యం ఇద్దరికీ ఒకటే, ట్రైనింగ్ ఒకటే. కాకపోతే ఒకరికి బయట దొరికే దారులు బాగానే ఉన్నాయి, ఇంకొకరికి లేవు. సైన్యం మేలు చేసిందా కీడు చేసిందా అని అడిగేముందు, వెళ్ళకపోతే అతను ఏం చేస్తుండేవాడు అని అడగాలి. సగం చర్చల్లో ఈ ప్రశ్న అసలు రాదు.

మరి మొదట్లో అనుకున్న ఆ "దారి తప్పిన కుర్రాడి" సంగతేంటి? దీని మీద రెండు గట్టి ఆధారాలున్నాయి, అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. బోస్టన్ నగరంలో చిన్నప్పుడే నేరాలకి పాల్పడి సంస్కరణ పాఠశాలలకి వెళ్ళిన 500 మంది కుర్రాళ్ళని, వాళ్ళకి పోలికగా అలాంటి నేరాలేవీ చేయని మరో 500 మందిని దశాబ్దాల పాటు గమనించిన ఒక పాత పరిశోధన ఉంది. ఆ కాగితాలు మళ్ళీ తిరగేసి రాబర్ట్ శాంప్సన్, జాన్ లౌబ్ 1996లో చెప్పిందేంటంటే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యంలో పనిచేయడం, విదేశాలకి వెళ్ళడం, ఆ తరవాత చదువు సాయం వాడుకోవడం చాలామందికి జీవితాన్ని మలుపు తిప్పాయని, చదువు సాయం వల్ల మేలు మంచి కుర్రాళ్ళ కంటే ఈ నేరచరిత్ర ఉన్నవాళ్ళకే ఎక్కువ జరిగిందని. ఇక అర్జెంటీనా. అక్కడ గుర్తింపు కార్డు నంబరులోని చివరి మూడంకెల మీద లాటరీ తీసి సైన్యంలోకి పిలిచేవాళ్ళు. 2011లో వచ్చిన పరిశోధన ప్రకారం, పిలుపు వచ్చి వెళ్ళినవాళ్ళే తరవాత ఎక్కువగా నేరాల్లో ఇరుక్కున్నారు, ముఖ్యంగా దొంగతనం లాంటి ఆస్తి నేరాల్లో, యుద్ధం లేని సంవత్సరాల్లో వెళ్ళినవాళ్ళు కూడా.

క్రమశిక్షణే మంత్రమైతే రెండు చోట్లా పనిచేయాలి కదా. బోస్టన్ కుర్రాళ్ళకి దొరికింది క్రమశిక్షణ ఒక్కటే కాదు. పాత వీధి, పాత స్నేహితులు, పోలీసుల దగ్గరున్న చెడ్డపేరు అన్నిటినీ వెనక వదిలేసి వెళ్ళగలిగారు, తిరిగొచ్చాక జీఐ బిల్లు అనే, మాజీ సైనికుల కోసం తెచ్చిన 1944 నాటి చట్టం వాళ్ళ కాలేజీ ఫీజులు కట్టింది, పని నేర్పించింది. ఆ చట్టం కింద సుమారు 78 లక్షల మంది చదువో వృత్తి శిక్షణో పొందారు, అందులో 22 లక్షల మంది కాలేజీలకి వెళ్ళారు, 1947లో అమెరికా కాలేజీల్లో చేరినవాళ్ళలో దాదాపు సగం మాజీ సైనికులే. (ఆ సాయం నల్లజాతి సైనికులకి, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, అంత తేలిగ్గా అందలేదని కూడా చెప్పుకోవాలి.) అర్జెంటీనా కుర్రాడికి ఇవేవీ లేవు. బతుకుతెరువు మొదలుపెట్టాల్సిన వయసులో ఏడాదో రెండేళ్ళో పోయాయి, చేతికి పనికొచ్చే విద్య రాలేదు, ఆయుధాలతో పరిచయం మాత్రం మిగిలింది. పైగా శిబిరాల్లో హింస మామూలైపోయింది, 1994లో ఒక కుర్రాడు దెబ్బలకి చనిపోయాక దేశమంతా భగ్గుమంది, నిర్బంధ సేవ ఆపేశారు. కుర్రాణ్ణి బాగుచేయడానికి సైన్యానికి పంపాలి అనేవాళ్ళు సైన్యం అనే మాట పక్కన పెట్టి, ఆ రెండేళ్ళ తరవాత అతనికి ఏం సిద్ధంగా ఉందో చెప్తే వాదనకి కాస్త బలం వస్తుంది.

ఇప్పటిదాకా యుద్ధం గురించి పెద్దగా మాట్లాడలేదు, కావాలనే. సైన్యంలో పనిచేయడం వేరు, యుద్ధంలో ఉండటం వేరు, యుద్ధంలో ఉండి మనిషిని చంపడం ఇంకా వేరు. సైన్యంలో చాలామంది వంటలు, లెక్కలు, రిపేర్లు, రవాణా, సమాచారం లాంటి పనులు చేస్తారు. బ్రిటన్‌లో దాదాపు 14,000 మంది సైనికుల వివరాలని పోలీసు రికార్డులతో కలిపి చూసిన 2013 నాటి పరిశోధనలో, మొత్తం మీద సైనికుల నేరాలు మామూలు జనం కంటే తక్కువే ఉన్నాయి, హింసాత్మక నేరాలు మాత్రం కుర్ర సైనికుల్లో బాగా ఎక్కువ. దీనికి ఇరాక్‌కో అఫ్ఘానిస్తాన్‌కో వెళ్ళి రావడం ఒక్కటే కారణంగా తేలలేదు. అక్కడ నేరుగా పోరాడే పనిలో ఉన్నవాళ్ళకి మిగతావాళ్ళ కంటే ఆ ముప్పు 53 శాతం ఎక్కువ. అన్నిటికంటే గట్టి సూచన మాత్రం చేరకముందే హింసకి పాల్పడిన చరిత్ర ఉండటం.

మానసిక గాయం సంగతికొస్తే, మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారు, పిరికితనం అని కూడా అన్నారు. పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తరవాత కూడా మనసుని వెంటాడే ఒత్తిడి జబ్బు) అనే పేరుతో అమెరికా మానసిక వైద్యుల అధికారిక జాబితాలోకి వచ్చింది 1980లో. వియత్నాం వెళ్ళొచ్చిన మగవాళ్ళలో 30.9 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చిందని 1980ల్లో జరిగిన పెద్ద సర్వే చెప్పింది. 2006లో బ్రూస్ డోరెన్‌వెండ్ బృందం అదే సమాచారాన్ని సైనిక రికార్డులతో సరిపోల్చి, మరింత కఠినంగా లెక్కగట్టి 18.7 శాతానికి దించింది. దీని మీద రెండు రకాల స్పందనలు వచ్చాయి, అతిశయోక్తి బయటపడిందని కొందరు, బాధని తగ్గించి చూపిస్తున్నారని కొందరు. నిజానికి రెండు అంకెలూ ఒకే మాట చెప్తున్నాయి: చాలామందికి రాలేదు, వచ్చినవాళ్ళు కూడా లక్షల్లో ఉన్నారు. ఎంత భీకరమైన పోరాటం చూశారన్నదాన్ని బట్టి ఆ ముప్పు పెరుగుతూ పోయిందన్నది కొత్త లెక్కలోనూ స్పష్టంగా నిలిచింది.

ఇక్కడ ట్రైనింగ్ మళ్ళీ గుర్తు చేసుకోవాలి. గదిలోకి వెళ్ళగానే తలుపులు ఎక్కడున్నాయో చూడటం, వీపు గోడకి ఆనించి కూర్చోవడం, చిన్న చప్పుడుకే ఒళ్ళు బిగుసుకోవడం, రోడ్డు పక్కన పడున్న సంచీని అనుమానించడం, ఇవన్నీ ఒకచోట ప్రాణం నిలబెట్టిన అలవాట్లు. ఇరాక్‌లో బాంబుల భయంతో రోడ్డు మధ్యలో, ఆగకుండా, వేగంగా నడపడం నేర్చుకున్నవాళ్ళు ఇంటికొచ్చాక కూడా అలాగే నడిపారు. సైనిక కుటుంబాలకి బీమా చేసే ఒక అమెరికా సంస్థ 2012లో లెక్క తీస్తే, వెళ్ళకముందు 6 నెలలతో పోలిస్తే తిరిగొచ్చిన 6 నెలల్లో వాళ్ళ తప్పు వల్ల జరిగిన ప్రమాదాలు 13 శాతం ఎక్కువ. దీన్ని జబ్బు అనడం కంటే, నేర్పింది నేర్పినట్టే పనిచేస్తోంది గాని పనిచేయాల్సిన చోటు మారిపోయింది అనడం నాకు సరైనదనిపిస్తుంది. చాలామందికి ఇది కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. సర్దుకోనివాళ్ళకి ఆ జ్ఞాపకాన్ని తప్పించుకోకుండా, వైద్యుల సాయంతో మెల్లగా ఎదుర్కొనే చికిత్సలు ఉన్నాయి, అవి బాగానే పనిచేస్తాయి కూడా.

భయంతో సంబంధం లేని గాయం ఇంకోటుంది. తను చేసిన పనో, ఆపలేకపోయిన పనో, పైవాళ్ళు చేసిన ద్రోహమో మనసులో ముల్లులా ఉండిపోవడం. వియత్నాం సైనికులకి చికిత్స చేసిన జోనథన్ షే అనే వైద్యుడు 1990ల్లో దీన్ని నైతిక గాయం అన్నాడు. ఎంత పోరాటం చూశారన్నది పక్కన పెట్టి లెక్కగట్టినా, మనిషిని చంపానని చెప్పినవాళ్ళలో మానసిక సమస్యలు ఎక్కువని షిరా మాగెన్ చేసిన పరిశోధనలు చూపించాయి. ఇలాంటివాళ్ళకి "నీకేం కాదు, నువ్వు ఇప్పుడు క్షేమంగా ఉన్నావు" అని చెప్పి లాభం లేదు, ఎందుకంటే వాళ్ళ బాధ తమ క్షేమం గురించి కాదు.

ఒంటి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. అమెరికాలో మాజీ సైనికులకి వైకల్య పరిహారం దక్కే సమస్యల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది చెవుల్లో హోరు. ఆ వెనకే వినికిడి లోపం, మోకాళ్ళు, నడుము ఉంటాయి. సినిమాల్లో ఇవి ఎవరూ చూపించరు.

ఇక బయటికి రావడం. 2001 నుంచి 2007 మధ్య అమెరికా సైన్యంలో పనిచేసిన 39 లక్షల మంది రికార్డులు చూసి 2015లో ఒక పరిశోధన వెలువడింది. యుద్ధానికి వెళ్ళడానికీ ఆత్మహత్యలకీ అందులో సంబంధం కనపడలేదు. సైన్యం నుంచి బయటికి వచ్చినవాళ్ళలో మాత్రం ఆత్మహత్యలు ఎక్కువ, యుద్ధానికి వెళ్ళినా వెళ్ళకపోయినా. అందులోనూ నాలుగేళ్ళు నిండకుండా బయటికొచ్చినవాళ్ళకి, మంచి పేరుతో విడుదల కానివాళ్ళకి ముప్పు ఇంకా ఎక్కువ. వాళ్ళలో కొందరికి ముందే సమస్యలుండి, వాటివల్లే బయటికి రావాల్సి వచ్చి ఉండొచ్చు, ఆ సంగతి మర్చిపోకూడదు. అయినా యుద్ధం గురించి మనకున్న లెక్కలన్నిటినీ ఇది కదిలించేస్తుంది.

ఎందుకలా అని ఆలోచిస్తే పోయేవన్నీ ఒక్కసారే పోతాయి. జీతం, నివాసం, వైద్యం, స్నేహితులు, యూనిఫాం మీదున్న హోదా, పొద్దున లేవడానికి ఒక కారణం. పాతికేళ్ళ వయసులో ముప్పైమంది ప్రాణాలకీ, కోట్ల విలువైన సామగ్రికీ బాధ్యత వహించిన మనిషిని బయట "అనుభవం ఏమైనా ఉందా?" అని అడుగుతారు. యుద్ధభూమిలో తెగిన నరానికి ముడివేసిన వైద్య సహాయకుడు లైసెన్సు లేదు కాబట్టి ఆసుపత్రిలో సూది కూడా వేయలేడు, మళ్ళీ మొదటి నుంచి చదవాలి. ఇంట్లో కూడా తేలిక కాదు, అతను లేనన్నాళ్ళు ఇల్లు నడిపిన భార్య అన్ని నిర్ణయాలూ తనే తీసుకోవడానికి అలవాటుపడింది, ఇప్పుడు ఆజ్ఞలివ్వడానికి అలవాటుపడిన మనిషి వచ్చి కూర్చున్నాడు. ఆ మొదటి ఏడాది గొడవలకి పీటీఎస్‌డీ అక్కర్లేదు.

సరైన చోటు దొరికితే మాత్రం సైన్యంలో వచ్చిన గుణాలు చాలాకాలం నిలుస్తాయి. అమెరికా పెద్ద కంపెనీల అధిపతుల్లో సైన్యంలో పనిచేసినవాళ్ళు 1980లో 59 శాతం ఉండేవాళ్ళు, ఆ తరవాత పది శాతం లోపుకి పడిపోయారు. ఎఫ్రయిమ్ బెన్‌మెలెక్, కరోలా ఫ్రిడ్‌మన్ చేసిన పరిశోధనలో వీళ్ళు నడిపిన కంపెనీలు పెట్టుబడుల్లో కాస్త ఆచితూచి అడుగేశాయి, మోసాల్లో ఇరుక్కోవడం తక్కువ, పరిశ్రమ మొత్తం కష్టాల్లో ఉన్నప్పుడు మిగతావాటి కంటే బాగా నెట్టుకొచ్చాయి. మెరుపులు లేవు, కొంపలూ మునగలేదు. ఆ చోటు పోయినప్పుడు కథ మళ్ళీ మొదలవ్వొచ్చు కూడా. నలభై ఏళ్ళు ఉద్యోగం, పిల్లలు అంటూ గడిపేసినవాళ్ళకి రిటైర్ అయ్యాకో, భార్య పోయాకో పాత యుద్ధం మళ్ళీ కలల్లోకి రావడం వృద్ధ సైనికులని చూసే వైద్యులకి బాగా తెలిసిన విషయం.

అందుకే నేను ఒక సైన్యాన్ని అంచనా వేయాలంటే లోపలికి ఎలా తీసుకుంటుందని చూడను, బయటికి ఎలా పంపుతుందని చూస్తాను. మామూలు కుర్రాణ్ణి సైనికుడిగా మార్చడానికి 10 వారాలు పగలూ రాత్రీ కష్టపడే అమెరికా సైన్యం, సైనికుణ్ణి మళ్ళీ మామూలు మనిషిగా మార్చడానికి పెట్టే శిక్షణ ఎక్కువగా కొద్దిరోజుల క్లాసులే, అవి కనీసం ఏడాది ముందు నుంచి మొదలుపెట్టాలనే నిబంధన వచ్చింది కూడా ఈమధ్యే, 2018 చట్టంతో. ఇంకా ఘోరమేంటంటే, క్రమశిక్షణ తప్పాడని మధ్యలో పంపించేసినవాళ్ళు చాలావరకు ఆ సాయాలకి దూరమైపోతారు, ఆత్మహత్య ముప్పు ఎక్కువగా కనిపించిందీ ఈ గుంపులోనే. 2017లో గాని వీళ్ళకి అత్యవసర మానసిక వైద్యం ఇవ్వడం మొదలవ్వలేదు. బోస్టన్ కుర్రాళ్ళ బతుకులు మార్చిన ఆ చదువు సాయం మాత్రం ఇప్పటికీ గౌరవప్రదంగా విడుదలైనవాళ్ళకే.